కెనడీ రోడ్డు మీద ఖాళీ కీబోర్డు

మార్కమ్‌కి దక్షిణపు సరిహద్దు స్టీల్స్ అవెన్యూ. రోడ్డుకి ఇటు మార్కమ్, అటు టొరంటో. కెనడీ రోడ్డు ఆ సరిహద్దు దాటి మా ఊళ్ళోకి వచ్చే మూలనే పసిఫిక్ మాల్ ఉంటుంది. ఈ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి దీన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. ఫోన్ అద్దం పగిలినా, పిల్లల కళ్ళజోడు విరిగినా ముందు ఇక్కడికే వస్తాం. దూరాన ఉన్నవాళ్ళ కోసం చెబుతున్నాను: పెద్ద భవనం, లోపల గాజు గదుల్లాంటి చిన్న చిన్న దుకాణాలు వందల కొద్దీ. ఒక్కోటి విజయవాడ వన్‌టౌన్‌లో సెల్‌ఫోన్ కొట్టంత. 1997లో ఇది తెరవకముందు ఇక్కడ కల్లెన్ కంట్రీ బార్న్స్ అని పల్లెటూరి వాలకంతో ఒక అంగడి ఉండేది. ఇప్పుడు ఎటు చూసినా చైనీస్ బోర్డులు. నాకు అందులో ఒక్క అక్షరం రాదు. అయినా బబుల్ టీ ఎక్కడో, మంచి కత్తెరలు ఎక్కడో కాళ్ళకి తెలుసు.

మొన్న ఫిబ్రవరిలో అక్కడికి మూడుసార్లు వెళ్ళాను, కీబోర్డు కోసం. అదీ మామూలుది కాదు, కీల మీద ఒక్క అక్షరం, ఒక్క అంకె కూడా అచ్చు వెయ్యని మెకానికల్ కీబోర్డు. "అక్షరాలు లేనిదానికి డబ్బులెందుకే? అవి ఉన్నదానికి కదా ఎక్కువ తీసుకోవాలి!" అంది మా అమ్మ వాట్సాప్‌లో. న్యాయమైన మాటే.

నా అవసరం ఇదీ. ఒక ప్రభుత్వ కార్యాలయంలో క్లర్కు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. ఐదు నిమిషాల టైపింగ్ పరీక్ష, నిమిషానికి 50 మాటలు రావాలి. ఈ దేశం వచ్చి తొమ్మిదేళ్ళు. మ్యాథ్స్, ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్‌తో బీఎస్సీ చేశాను, తర్వాత పెళ్ళి, పాప, ఇల్లు. నా రెజ్యూమేలో ఆ తొమ్మిదేళ్ళూ ఖాళీ. ఆ ఖాళీ చూసి ఇంటర్వ్యూ దాకా పిలిచినవాళ్ళే తక్కువ. టైపింగ్ పరీక్ష మాత్రం ఇన్నాళ్ళూ ఏం చేశావని అడగదు, వేళ్ళు ఆడితే చాలు. ఇంట్లో ఒక్క జీతం మీద నడుస్తున్నప్పుడు అలాంటి పరీక్ష ఒకటి ఎదురైతే, దానికి పనికొస్తుందంటే ఏ వస్తువైనా కొనెయ్యాలనిపిస్తుంది. అందుకే కొనేముందు బాగా ఆలోచించాల్సి వచ్చింది.

నేను టైపు నేర్చుకుంది తణుకులో, 2006లో, ఇంటర్ పరీక్షలయ్యాక. అప్పటికే కంప్యూటర్ సెంటర్లు వచ్చేశాయి, అయినా నాన్నగారు "ముందు టైపు, తర్వాత కంప్యూటర్" అన్నారు. మేడ మీద హాలు, వరసగా రెమింగ్టన్, గోద్రెజ్ మెషీన్లు. ఎడమ చేతికి ఏ, ఎస్, డి, ఎఫ్. కుడి చేతికి సెమీకోలన్, ఎల్, కే, జే. పది రోజులపాటు అదే. చిటికెన వేలితో ఏ కొడితే కాగితం మీద సగమే పడేది. మాస్టారు వెనకనుంచి వచ్చి చేతుల మీద తువ్వాలు కప్పేవారు. "కాగితం చూడమ్మా, మెషీన్ పారిపోదు" అనేవారు. లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. రెండూ పాసయ్యాను. ఆ సర్టిఫికెట్లు ఎప్పుడూ దేనికీ అక్కరకి రాలేదు, ఇన్నాళ్ళూ పాస్‌పోర్టులతో పాటే సూట్‌కేసులో తిరిగాయి.

తువ్వాలు కప్పడం మన మాస్టార్ల సొంత తెలివి అనుకునేదాన్ని. అమెరికా, కెనడా బడుల్లో కూడా ఒకప్పుడు టైపు క్లాసుల్లో అక్షరాల్లేని కీలున్న మెషీన్లు పెట్టి, అక్షరాల పటం గోడకి తగిలించేవాళ్ళు. తల దించితే ఏమీ కనపడదు, తల ఎత్తితే పటం. అదే ఆలోచన కంప్యూటర్లకి తిరిగొచ్చింది. జపాన్‌లో ఎయిటి వాడా అనే ప్రొఫెసర్ ఆలోచనతో పీఎఫ్‌యూ కంపెనీ 1996లో హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు తెచ్చింది, తర్వాత దాన్ని అక్షరాల్లేకుండా కూడా అమ్మింది. 2005లో అమెరికాలో డాస్ కీబోర్డు వచ్చింది, మొత్తం నల్లగా, బోసిగా. చూడకపోతే వేగం పెరుగుతుందన్నది ప్రచారం. ప్రోగ్రామర్లు ఎగబడ్డారు. ఎందుకంటే, నాకనిపించేది, సగం పనికి, సగం పక్క సీటువాడి ముందు గొప్పకి.

పసిఫిక్ మాల్‌లో నేను చూసినదాని ధర 179 డాలర్లు. ఒంటారియోలో 13 శాతం పన్ను కలిపితే 202 దాటింది. కొట్టు కుర్రాడు మంచివాడు. నేను గాజు బల్ల మీద రెండు నిమిషాలు కొడితే చూసి, "మీరు పాత మెషీన్ మీద నేర్చుకున్నారు కదూ?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఎలా తెలిసిందంటే, వేళ్ళు మరీ పైకి లేస్తున్నాయన్నాడు. వాళ్ళ అమ్మ కూడా అలాగే కొడుతుందట.

కొనకుండా ఇంటికొచ్చి ముందు పరీక్ష చేసి చూశాను. సైన్సు చదివిన దానికి ఆ మాత్రమైనా ఫలితం ఉండాలి కదా. ఆవకాయ సీసాల మీద అంటించే తెల్ల లేబుళ్ళు చిన్న చిన్న చతురస్రాలుగా కత్తిరించి, ఇంట్లో ఉన్న పాత కీబోర్డు కీలన్నిటి మీదా అంటించాను. ఎఫ్, జే కీల మీద చిన్న గీతలా ఉబ్బెత్తు ఉంటుంది చూశారా, వేళ్ళు ఇల్లు కనుక్కునేది దానితోనే, వాటిని మాత్రం వదిలేశాను. రోజూ పాప బడికెళ్ళాక ఇరవై నిమిషాలు, వారం అక్షరాలతో, వారం లేబుళ్ళతో. వచ్చినవి: అక్షరాలతో సగటున 43 మాటలు, లేబుళ్ళతో 44. ఆ ఒక్క మాట తేడా రెండో వారం సాధనదే తప్ప లేబుళ్ళ మహిమ కాదు.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. కీలు చూడకుండా కొట్టేవాళ్ళకి వాటి మీద ఏం రాసుంటే ఏం? చూడని అక్షరం వేగాన్ని తగ్గించదు, లేని అక్షరం పెంచదు. ఇంకా చూసి కొట్టేవాళ్ళకి మాత్రం ఖాళీ కీబోర్డు కొంత పని చేస్తుంది, ఎందుకంటే అది తువ్వాలు. అయితే తువ్వాలు ప్రతి ఇంట్లోనూ ఉంది, దానికి 202 డాలర్లు అక్కర్లేదు.

లేబుళ్ళు బయటపెట్టిన సంగతి ఇంకొకటుంది. అక్షరాల దగ్గర తడబాటు లేదు కానీ, అంకెల వరస దగ్గర వేళ్ళు గుడ్డివైపోయాయి. ఐదు అనుకుంటే ఆరు పడుతోంది. డాలర్ గుర్తు, శాతం గుర్తు అయితే చెప్పక్కర్లేదు. తణుకులో మేము కొట్టిందంతా "డియర్ సర్" ఉత్తరాలే, అంకెలు తక్కువ. క్లర్కు పనిలో మాత్రం తారీకులు, ఫోన్ నంబర్లు, పోస్టల్ కోడ్‌లే ఎక్కువ. కెనడా పోస్టల్ కోడ్ తెలుసుగా, అక్షరం, అంకె, అక్షరం, మళ్ళీ అంకె, అక్షరం, అంకె. టైపిస్టుని ఏడిపించడానికే కనిపెట్టినట్టుంటుంది. నా సాధనంతా అక్కణ్ణించి అంకెల మీదికి మళ్ళింది. నిజం చెప్పాలంటే నాకు ఉపయోగపడింది ఆ ఒక్క విషయమే, దానికైన ఖర్చు రెండు షీట్ల లేబుళ్ళు.

మరి మెకానికల్ సంగతేమిటి? ఇది ఖాళీ సంగతికి వేరు, దుకాణాల్లో రెండూ కలిపి చెబుతారు. మామూలు కీబోర్డులో కీల కింద రబ్బరు పొర ఉంటుంది. కీని అడుగు దాకా నొక్కితేనే అక్షరం పడుతుంది. మెకానికల్‌లో ప్రతి కీకీ విడిగా ఒక స్విచ్, లోపల స్ప్రింగు. ఎక్కువ రకాల్లో కీ దాదాపు 4 మిల్లీమీటర్లు కిందికి వెళ్తుంది, సగం దూరంలోనే అక్షరం పడిపోతుంది. చెర్రీ అనే జర్మన్ కంపెనీ రంగులే అందరూ వాడతారు: ఎరుపైతే జారినట్టు నున్నగా, గోధుమ రంగైతే మధ్యలో చిన్న అడ్డు తగిలినట్టు, నీలమైతే ఆ అడ్డుతో పాటు టక్కుమని చప్పుడు. రెమింగ్టన్ మీద నేర్చుకున్న చేతికి నీలం వినగానే ప్రాణం లేచొస్తుంది. కానీ టౌన్‌హౌస్ గోడలు సన్నం, రాత్రి పదింటికి నీలం స్విచ్‌లతో సాధన చేస్తే పక్కింటివాళ్ళతో మాటలుండవు. గోధుమ రంగు నాకు సరిపోయింది. రెండు వారాల్లో మణికట్టు నొప్పి తగ్గింది. వేగం మాత్రం ఒకటి రెండు మాటలకి మించి పెరగలేదు. డబ్బు పెట్టదలిస్తే స్విచ్ మీద పెట్టడం నాకు సబబుగా తోస్తుంది, అక్షరాలు చెరిపేయడం మీద కాదు.

పసిఫిక్ మాల్ నుంచి కెనడీ రోడ్డు మీదే ఉత్తరంగా బస్సెక్కితే కొద్ది నిమిషాల్లో మిల్లికెన్ మిల్స్ లైబ్రరీ వస్తుంది. అక్కడికి నేను వెళ్ళింది ఇంట్లో కీబోర్డుకి చెయ్యి మరీ అలవాటు పడకుండా ఉండడానికి. పరీక్ష రోజున మన కీబోర్డు మనతో రాదు కదా. వాళ్ళు ఏది పెడితే దాని మీదే కొట్టాలి. ఖాళీ కీబోర్డు గురించి రాసేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

కెనడాలో ఇది ఇంకాస్త చిక్కు. ఇక్కడ కొన్న ల్యాప్‌టాప్‌లు చాలావాటికి రెండు భాషల కీబోర్డు ఉంటుంది, ఇంగ్లీషూ ఫ్రెంచీ కలిపి. క్విబెక్‌కీ మిగతా దేశానికీ వేర్వేరుగా చేసేకంటే కంపెనీలకి అదే సులువు. మీరు హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ పక్కన పెట్టి చూడండి. ఎడమ షిఫ్ట్ సగానికి కుదించి, పక్కన ఇంకో కీ ఇరికించి ఉంటుంది. ఎంటర్ కీ రెండు వరసల ఎత్తున నిలువుగా ఉంటుంది. ప్రశ్నార్థకం ఉండాల్సిన చోట నెత్తిన గీతున్న ఫ్రెంచ్ అక్షరం ఉంటుంది. కంప్యూటర్‌లో ఇంగ్లీషు సెట్ చేసి ఉంటే ఆ ఫ్రెంచ్ అక్షరం నొక్కినా ఏటవాలు గీతే పడుతుంది. అంటే కీ మీద రాసింది ఒకటి, తెర మీద పడేది ఒకటి. మా పాప మొదట్లో ఆ కీని "అబద్ధాల బటన్" అనేది.

ఇలాంటి చోట ఖాళీ కీలు సగం మేలు. అచ్చు చెప్పే అబద్ధం పోతుంది. కానీ షిఫ్ట్ కుదించిన సంగతి అలాగే ఉంటుంది, చిటికెన వేలు పాత చోటికే వెళ్ళి కొత్త కీని తాకుతుంది. చెయ్యి గుర్తుపెట్టుకునేది అక్షరాల బొమ్మ కాదు, కీల వెడల్పూ దూరమూ. కాబట్టి ఇక్కడ కొనేటప్పుడు అక్షరాలున్నాయా లేవా అనేదానికంటే ముందు ఎడమ షిఫ్ట్ పొడుగు చూసుకోండి.

లైబ్రరీ దాటి అదే రోడ్డు పట్టుకుని హైవే 7 దాకా వెళ్తే యూనియన్‌విల్ పాత బజారు వీధి దగ్గర్లోనే. చెక్క ఇళ్ళు, పూలకుండీలు, ఐస్‌క్రీమ్ కొట్లు. గిల్మోర్ గర్ల్స్ చూసినవాళ్ళు ఈ వీధిని చూసే ఉంటారు, 2000లో వచ్చిన మొదటి ఎపిసోడ్ ఇక్కడే తీశారు. మంచు పడితే ఇంకా బాగుంటుంది కానీ నడవలేం. అక్కడ ఒక శనివారం గుంటూరు నుంచి వచ్చిన నా స్నేహితురాలిని కలిశాను. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, అక్కా అంటాను. వాళ్ళాయన దగ్గర పాత ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు ఉంది, 1980ల నాటి రకం, స్ప్రింగు వంగి టప్‌మని కొట్టేది. ఇంట్లో వాడడానికి వీల్లేదని అక్క దాన్ని గరాజ్‌లోకి పంపించింది.

ఆ కీబోర్డులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. దాని కీలు చాలావరకు రెండు ముక్కలు. పై టోపీ ఊడదీసి ఇంకోటి పెట్టొచ్చు. కంపెనీ ఏ దేశానికి పంపితే ఆ భాష టోపీలు తొడిగేది. మార్కమ్‌కి ఐబీఎంతో ఏళ్ళ చుట్టరికం, 2001లో వార్డెన్ అవెన్యూ మీద పెద్ద సాఫ్ట్‌వేర్ ల్యాబ్ కట్టారు. ఆ రోడ్డు మీదుగా వెళ్ళినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ టోపీలే గుర్తొస్తాయి.

"అవన్నీ సరే, తెలుగెలా కొడతావు?" అని అడిగింది అక్క. తను మనలో చాలామందిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగు చేసుకుంటుంది. నేను ఇన్‌స్క్రిప్ట్. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ మన భాషలన్నిటికీ కలిపి ఒప్పుకున్న పద్ధతి. స్వరాలూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువ కుడి చేతికి. తెలుగులోనూ హిందీలోనూ కన్నడంలోనూ క ఒకే కీ మీద ఉంటుంది, అది ఇంగ్లీషు కే అవ్వడం అదృష్టం. అక్కడితో అదృష్టం ఆగిపోతుంది. ప కావాలంటే హెచ్, త కావాలంటే ఎల్, మ కావాలంటే సి. "అమ్మ" అని రాయాలంటే షిఫ్ట్‌తో డి, తర్వాత సి, మళ్ళీ డి, మళ్ళీ సి. ఇందాకటి అబద్ధాల బటన్ ఉంది చూశారూ, కీ మీద ఫ్రెంచ్ అక్షరం, ఇంగ్లీషులో ఏటవాలు గీత, ఇన్‌స్క్రిప్ట్‌లో అది య.

అంటే తెలుగు రాసే నాకు ప్రపంచంలో ఏ కీబోర్డయినా ఖాళీదే. ఇంగ్లీషు అక్షరాలు అచ్చు వేసి ఉన్నా నాకు వాటితో పని లేదు, పైగా కళ్ళు పడితే చెయ్యి తడబడుతుంది. కళ్ళు "హెచ్" అని చదువుతాయి, వేలు "ప" అనుకుంటుంది. ఈ ఒక్క సందర్భంలో మాత్రం ఖాళీ కీలు నాకు నిజంగా హాయిగా ఉన్నాయి. రెండు భాషలు వాడేవాళ్ళకి, అందులోనూ ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునేవాళ్ళకి, ఇది చిన్న సాయమేమీ కాదు. అక్కలా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళకి మాత్రం ఆ అక్షరాలే ఆధారం. వాళ్ళు ఈ జోలికి రాకపోవడమే మంచిది.

చివరికి కొన్నదేమిటంటే, మార్కమ్‌లోనే ఒక కాలేజీ అమ్మాయి వాడి అమ్మేస్తున్న మెకానికల్ కీబోర్డు, గోధుమ రంగు స్విచ్‌లు, పొడుగు షిఫ్ట్, 45 డాలర్లు. ఖాళీ క్యాప్‌ల సెట్టు విడిగా 30 డాలర్లు. క్యాప్‌లు కొనేటప్పుడు చూసుకోవాల్సినవి రెండున్నాయి. పీబీటీ ప్లాస్టిక్ అయితే గరుగ్గా ఉండి చాలాకాలం అలాగే ఉంటుంది, ఏబీఎస్ అయితే కొన్నాళ్ళకి నూనె రాసినట్టు మెరుస్తుంది. రెండోది ఆకారం. కొన్ని సెట్లలో కీలన్నీ ఒకే ఎత్తు. కొన్నిట్లో వరసకో వాలు ఉంటుంది. అక్షరాలు లేనప్పుడు ఏ వరసలో ఉన్నామో వేలికి చెప్పేది ఆ వాలే, అందుకని వాలున్నదే తీసుకోండి. ఎఫ్, జే మీద ఉబ్బెత్తు ఉందో లేదో అడిగి మరీ తీసుకోండి. నేను అక్షరాల వరసలు మూడిటికీ ఖాళీవి తొడిగి, అంకెల వరస పాతదే ఉంచేశాను. చూడడానికి పళ్ళు కొన్ని ఊడి, కొన్ని ఉన్న నోరులా ఉంది. మావారు రెండు రోజులు పాస్‌వర్డు కొట్టలేక నన్ను పిలిచారు, మూడో రోజు ఆయన కోసం పాత కీబోర్డు అటక మీంచి దిగింది. ఒకే కంప్యూటర్ నలుగురు వాడే ఇంట్లో మొత్తం ఖాళీ కీబోర్డు పెడితే రోజూ ఇదే తంతు.

పరీక్ష మార్చి రెండో వారంలో జరిగింది. ఎనిమిది మందిమి ఒక గదిలో, నాకు ముందున్నావిడ జపమాల తిప్పుతోంది. నా ముందు పెట్టింది రెండు భాషల కీబోర్డే, కుదించిన షిఫ్ట్‌తో. మొదటి నిమిషంలో మూడుసార్లు చిటికెన వేలు పక్క కీ మీద పడింది, తర్వాత చెయ్యి సర్దుకుంది. పేరాలో రెండు పోస్టల్ కోడ్‌లు, ఒక ఫోన్ నంబరు వచ్చాయి. 53 మాటలు. ఇంటర్వ్యూ వచ్చే నెల.

ఊడదీసిన క్యాప్‌లు ఖాళీ ఆవకాయ సీసాలో పోసి పెట్టాను. పాప వాటిని నేల మీద పరిచి తన స్నేహితురాళ్ళ పేర్లు పేరుస్తోంది, ఏ ఒక్కటే ఉండడంతో "అనన్య" దగ్గర ఆగిపోయింది.